తక్‌పట్టీ డైరీ: ఒకే తెర, ఐదు టూల్‌కిట్లు

ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన రైతుకు అడ్తి దుకాణం రాసిచ్చే కాగితమే తక్‌పట్టీ. రైతు పేరు, ఊరు, మిర్చి రకం, బస్తాలు, కాంటా తూకం, తరుగు, క్వింటా ధర, కోతలు, చివరికి చేతికొచ్చే మొత్తం. తొమ్మిదంటే తొమ్మిది అంశాలు. ఈ కాగితం కొట్టే ప్రోగ్రాంను ఐదు జీయూఐ టూల్‌కిట్లలో (కిటికీలు, బటన్లు, పట్టికలతో తెర కట్టడానికి దొరికే సిద్ధపు సామాను) ఐదుసార్లు రాసి చూడటమే ఈ ప్రాజెక్టు.

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు డిగ్రీ, బీటెక్ పిల్లలు అడిగేది ఒక్కటే: ఉద్యోగం కోసం అయితే ఏ టూల్‌కిట్ నేర్చుకోవాలి? లాగిన్ బాక్సు, కాలిక్యులేటర్ చేసి చూస్తే తేలదు. అవి దేనిలోనైనా అరగంట పనే. తెలుగు అక్షరాలు, వందల వరుసల పట్టిక, కేబుల్ మీద వచ్చే తూకం, థర్మల్ ప్రింటర్, దుకాణంలోని పాత కంప్యూటర్ అన్నీ ఒకేచోట కలిసినప్పుడే టూల్‌కిట్ అసలు రంగు బయటపడుతుంది.

తీసుకున్నవి: పైథాన్‌తో వచ్చే టికింటర్, పైసైడ్6 ద్వారా క్యూటీ, సీ షార్ప్‌తో విన్‌ఫామ్స్, ఎలక్ట్రాన్, ఫ్లట్టర్. జావాఎఫ్‌ఎక్స్‌ను పక్కన పెట్టాం. జేడీకే 11 నుంచి అది జావాతో కలిసి రావడం లేదు, విడిగా తెచ్చుకోవాలి. జావా వచ్చినవాళ్లకు సర్వర్ వైపే ఎక్కువ దారులున్నాయి. జీటీకే మంచి టూల్‌కిటే, కానీ దాని ఇల్లు లైనక్స్. అడ్తి దుకాణంలో ఉండేది విండోస్.

1వ వారం: తెర లేని వారం

ముందు లెక్క. ఏ టూల్‌కిట్‌కైనా ఇది మారకూడదు కాబట్టి తెరకు సంబంధం లేని విడి ఫైలులో రాశాం.

తూకం గ్రాముల్లో, డబ్బు పైసల్లో, రెండూ పూర్ణాంకాలే. దశాంశాల్లో పెడితే ఏమవుతుందో ఒక పరీక్ష చాలు: 436.450 కిలోలు, క్వింటా 13,250 రూపాయలు. గ్రాముకు 13.25 పైసలు, మొత్తం 57,82,962.5 పైసలు. ఆ అర పైసను పైథాన్ రౌండ్ ఫంక్షన్, సీ షార్ప్ మ్యాథ్ రౌండ్ దగ్గరి సరిసంఖ్యకు తిప్పుతాయి: 57,829 రూపాయల 62 పైసలు. జావాస్క్రిప్ట్ (ఎలక్ట్రాన్ భాష), డార్ట్ (ఫ్లట్టర్ భాష) పైకి తిప్పుతాయి: 63 పైసలు. అదే బిల్లు, ఒక పైసా తేడా. సాయంత్రం పద్దు సరిపోకపోతే గుమాస్తా మనల్నే పిలుస్తాడు. అందుకని గ్రాములను ధర పైసలతో గుణించి, 50,000 కలిపి, 1,00,000తో పూర్ణాంక భాగహారం చేశాం. ఇది ఐదింటిలోనూ ఒకే జవాబు ఇస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మాత్రం పూర్ణాంక భాగహారం గుర్తు లేదు, దశాంశాన్ని కోసేసే ఫ్లోర్ వేయాలి.

ఇక్కడే రెండో గొయ్యి. గుణించినప్పుడు మధ్యలో వచ్చే సంఖ్య 57,829 కోట్లు దాటుతుంది. సీ షార్ప్ మామూలు పూర్ణాంక రకమైన ఇంట్‌లో అది పట్టదు, పైగా చప్పుడు చేయకుండా తప్పు సంఖ్య చూపిస్తుంది. పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ వాడాలి. పైథాన్‌లో ఈ బెడద లేదు అనుకున్నాం. అది పూర్తిగా నిజం కాదని 3వ వారంలో తేలింది.

కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్ల కూలి), తరుగు రేట్లు కోడ్‌లో రాయలేదు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో విడి పట్టికలో తేదీతో సహా పెట్టాం. రేటు మారినా పాత తక్‌పట్టీ మళ్లీ తీస్తే పాత లెక్కే రావాలి.

ఊళ్ల పేర్ల దగ్గర చిన్న పని. తెలుగు కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత అక్షరాలను కలవనివ్వని కనబడని గుర్తును, యూనికోడ్ 200సీని పెడతాయి. ఒకే ఊరు రెండు రకాలుగా టైపైతే కంటికి ఒకటే, వెతుకులాటకు రెండు. సేవ్ చేసేముందు పేరు చివర్లలోని ఖాళీలు తీసేసి, ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపంలోకి మార్చాం. వెతకడానికి వేరే నిలువు వరుస పెట్టి, అందులో ఆ గుర్తు తీసేసిన రూపాన్ని దాచాం. అచ్చుకు వెళ్లే పేరులో మాత్రం గుర్తును ముట్టుకోలేదు, తీసేస్తే వత్తు పడి పేరే మారిపోతుంది.

2వ వారం: టికింటర్

మొదటి రోజు మధ్యాహ్నానికల్లా తెర నిలబడింది. విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు (ఉబుంటులో మాత్రం పైథాన్3-టీకే ప్యాకేజీ పెట్టాలి). గ్రిడ్‌తో అమరిక సులభం.

బస్తాల పట్టికకు ట్రీవ్యూ వాడాం. అందులో గడి మీద నొక్కి సంఖ్య దిద్దే సౌకర్యం లేదు. బీబాక్స్‌తో గడి కొలతలు తీసుకుని, దాని మీద ఒక ఎంట్రీ పెట్టె కూర్చోబెట్టాలి. పట్టికను జరిపితే ఆ పెట్టె ఉన్నచోటే ఉండిపోతుంది, జరిపిన ప్రతిసారీ దాన్ని మూసేయాలి.

తెలుగు విషయంలో విండోస్‌లో అక్షరాలు సరిగ్గా కూడాయి, ఎందుకంటే అక్కడ అక్షరాలను కలిపే పని విండోసే చేస్తుంది. అదే ప్రోగ్రాం లైనక్స్‌లో తెరిస్తే వత్తులు విడిపోయి, "రాష్ట్రం" లాంటి మాట ముక్కలుగా కనబడింది. లైనక్స్ తెర వ్యవస్థ ఎక్స్11 మీద టికింటర్ వెనకున్న టీకే ఒక్కో అక్షరాన్ని విడివిడిగా గీస్తుంది, సంయుక్తాక్షరాలను కూర్చే దశే అందులో లేదు. ఫాంటు మార్చి లాభం లేదు. గంటల తరబడి ఫాంట్లు మార్చేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

తూకాన్ని విడి థ్రెడ్‌లో (తెరతో పాటు పక్కన నడిచే పనిలో) చదివి, క్యూలో వేసి, తెర వైపు నుంచి ఆఫ్టర్ ఫంక్షన్‌తో 100 మిల్లీసెకండ్లకోసారి ఆ క్యూ చూశాం. థ్రెడ్ లోంచి నేరుగా తెర మీది పెట్టెను (విడ్జెట్‌ను) ముట్టుకుంటే కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు కిటికీ బిగుసుకుపోతుంది. ఆ "కొన్నిసార్లు" దుకాణంలో, జనం ముందే వస్తుంది.

తెర మీద అక్షరాలను పెద్దవి చేసే స్కేలింగ్ 125 శాతం ఉన్న ల్యాప్‌టాప్‌లో తెర మసకగా వచ్చింది. ప్రోగ్రాం మొదట్లోనే సీటైప్స్ ద్వారా విండోస్‌కు డీపీఐ (తెర చుక్కల సాంద్రత) సంగతి మేమే చూసుకుంటామని చెప్పాక సర్దుకుంది.

ఉద్యోగ ప్రకటనల్లో టికింటర్ పేరు పెట్టి అడగడం అరుదు. నొక్కుడు, టైపింగ్ లాంటి ప్రతిదానికోసం కాచుకుని ఉండే ఈవెంట్ లూప్ అంటే ఏమిటో చేత్తో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకంటే చవకైన బడి లేదు. రెండు వారాలు చాలు, ఆపైన వద్దు.

3వ వారం, ఇంకో నాలుగు రోజులు: క్యూటీ

క్యూటీ 1995 నుంచి ఉంది, మొదట నార్వేలోని ట్రోల్‌టెక్ చేసింది. వీఎల్‌సీ, టెలిగ్రాం డెస్క్‌టాప్, మాయా, లైనక్స్‌లో కేడీఈ దీని మీద నిలబడ్డవే. పైథాన్‌కు రెండు తలుపులున్నాయి: పైక్యూటీ, పైసైడ్. కోడ్ దాదాపు ఒకటే, లైసెన్సు వేరు. పైక్యూటీ జీపీఎల్ (అమ్మితే మన కోడ్ కూడా ఇవ్వాలి) లేదా డబ్బు కట్టే లైసెన్సు, పైసైడ్ ఎల్‌జీపీఎల్ (మన కోడ్ దాచుకోవచ్చు). కోడ్ చూపించకుండా దుకాణాలకు అమ్ముకోవాలంటే పైసైడ్‌తో మొదలుపెట్టడమే క్షేమం.

పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో పైసైడ్6 పెట్టేటప్పుడు పెద్ద మూటే దిగుతుంది. ఉబుంటులో 6.5 నుంచి ఎక్స్‌సీబీ ప్లగిన్ ఎక్కలేదని తప్పు చూపిస్తే, కావలసింది లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0 ప్యాకేజీ. క్యూటీని తీసి మళ్లీ పెట్టినంత మాత్రాన ఆ తప్పు పోదు.

మొదటి రోజు అందరికీ ఎదురయ్యేది: కిటికీ మెరుపులా వచ్చి మాయమవడం. ఫంక్షన్ లోపల కిటికీని తయారుచేసి దాన్ని ఏ చలరాశిలోనూ పట్టుకోకపోతే, ఫంక్షన్ ముగియగానే పైథాన్ దాన్ని ఊడ్చేస్తుంది. పేరెంట్ ఇవ్వాలి, లేదా సెల్ఫ్‌లో దాచాలి.

పట్టికకు రెండు మార్గాలు. క్యూటేబుల్‌విడ్జెట్ తేలిక, గడిగడికీ వస్తువు పెడుతుంది. క్యూటేబుల్‌వ్యూ వెనక మన మోడల్ ఉండాలి: వరుసలెన్ని, నిలువులెన్ని, ఈ గడిలో ఏముంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పే క్లాసు. కష్టమైనా రెండోదే ఎంచుకున్నాం, ఇంటర్వ్యూలో అడిగేది అదే. అందులో మూడు తప్పులు చేయకుండా ఎవరూ దాటరు. డేటా ఫంక్షన్‌లో రోల్ (అడిగింది అక్షరమా, రంగా, టిక్కా అన్నది) చూడకుండా ప్రతిదానికీ విలువ ఇస్తే ప్రతి గడిలో అక్కర్లేని చెక్‌బాక్సు మొలుస్తుంది. వరుస చేర్చేముందు, చేర్చాక చెప్పాల్సిన బిగిన్‌ఇన్‌సర్ట్‌రోస్, ఎండ్‌ఇన్‌సర్ట్‌రోస్ మరిస్తే కొత్త బస్తా లిస్టులో ఉన్నా తెర మీద రాదు. సెట్‌డేటాలో విలువ మార్చి మారిందని తెరకు చెప్పే డేటాచేంజ్డ్ సిగ్నల్ పంపకపోతే పాత సంఖ్యే కనబడుతుంది.

తూకం దగ్గర క్యూటీ హాయి. క్యూసీరియల్‌పోర్ట్ తనంతట తానే ఈవెంట్ లూప్‌లో నడుస్తుంది, థ్రెడ్ అక్కర్లేదు. పోర్టు అమరిక 9600 బాడ్, 8 బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్. ఎక్కువ ఇండికేటర్లు (కాంటా అంకెలు చూపే పెట్టెలు) ఈ అమరికతోనే వస్తాయి, అయినా వెనక అంటించిన చీటీ గానీ మెనూ గానీ చూసుకోవాలి. డేటా అందిందనే రెడీరీడ్ సిగ్నల్ వచ్చిందంటే పూర్తి వరుస వచ్చిందని కాదు. "43.6" ఒకసారి, "50" ఇంకోసారి రావచ్చు. కేన్‌రీడ్‌లైన్ అవునన్నాకే చదవాలి. ఇది తెలియక 43.650 బదులు 43.6 ఎక్కించుకున్న ప్రోగ్రాం ప్రతి బస్తాకూ 50 గ్రాములు మింగుతుంది. అలాగే కొన్ని ఇండికేటర్లు కాంటా ఊగుతున్నంతసేపూ ఒక గుర్తు, నిలిచాక ఇంకో గుర్తు పంపుతాయి. నిలిచిన గుర్తు ఉన్న వరుసే తీసుకోవాలి. కాంటా దగ్గర లేకుండా పరీక్షించడానికి లైనక్స్‌లో సోక్యాట్‌తో, విండోస్‌లో కామ్0కామ్‌తో ఉత్తుత్తి పోర్టుల జంట చేసుకోవచ్చు.

1వ వారంలో చెప్పిన పైథాన్ సంగతి ఇక్కడ. సిగ్నల్‌ను ఇంట్ అని ప్రకటిస్తే లోపల అది సీప్లస్‌ప్లస్ 32 బిట్ల ఇంట్. పైసల్లో దాని హద్దు 2,14,74,836 రూపాయల 47 పైసలు. ఒక తక్‌పట్టీ అంత రాదు, సీజన్ మొత్తం జమ అంత దాటుతుంది. అంటే జనవరిలో బాగున్న ప్రోగ్రాం మార్చిలో చెడుతుంది. సిగ్నల్‌ను ఆబ్జెక్ట్ అని ప్రకటించాం.

ఎంటర్ నొక్కితే తర్వాతి పెట్టెకు పోవాలి, గుమాస్తా చేయి నంబర్ ప్యాడ్ మీదే ఉంటుంది, ట్యాబ్ వైపు పోదు. క్యూడయలాగ్‌లో ఎంటర్ నొక్కగానే బటన్ నొక్కుకుపోయి సగం తక్‌పట్టీ సేవ్ అయింది. డయలాగ్‌లోని బటన్లకు ఆటోడిఫాల్ట్ మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది. ప్రతి బటన్‌కూ దాన్ని తీసేసి, రిటర్న్‌ప్రెస్డ్ సిగ్నల్‌కు తర్వాతి పెట్టెను కట్టాం.

తెలుగు రెండు వ్యవస్థల్లోనూ ఒకేలా, చక్కగా వచ్చింది. క్యూటీ తనలోనే అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్‌ను మోసుకొస్తుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంటును ప్రోగ్రాంతోనే పంపి మొదట్లో ఎక్కించాం. వరుస ఎత్తు మాత్రం పెంచాలి. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎత్తులో రెండంతస్తుల వత్తుల కింది భాగం తెగిపోతుంది. 36 పిక్సెళ్లు పెట్టాక కుదిరింది.

4వ వారం: విన్‌ఫామ్స్, కాస్త డబ్ల్యూపీఎఫ్

విజువల్ స్టూడియో కమ్యూనిటీ చదువుకునేవాళ్లకు ఉచితం. బటన్లు లాగి పెట్టే డిజైనర్ వల్ల తెర ఒక్క పూటలో అయింది. అంకెల కామాలు ఇక్కడ గమనించాలి. పైథాన్ కామా ఫార్మాట్ మూడేసి అంకెలకు కోస్తుంది, 578,296 అని. మనకు కావలసింది 5,78,296. పైథాన్‌లో చివరి మూడు విడదీసి మిగతావి రెండేసి కోసే ఆరు వరుసల ఫంక్షన్ రాసుకున్నాం. డాట్‌నెట్‌లో ఇండియా కల్చర్ పెడితే చాలు, జావాస్క్రిప్ట్‌లో ఇంట్ల్ నంబర్‌ఫార్మాట్‌కూ అంతే.

సీరియల్‌పోర్ట్ డేటారిసీవ్డ్ వేరే థ్రెడ్‌లో వస్తుంది. అక్కడినుంచి టెక్స్ట్‌బాక్స్ ముట్టుకుంటే డీబగ్గర్‌లో ఇన్‌వాలిడ్ ఆపరేషన్ తప్పు పడుతుంది. సరేనని పనిని తెర థ్రెడ్‌కు అప్పగించే ఇన్వోక్ వాడితే ఇంకో చిక్కు: పోర్టు మూసేటప్పుడు తెర థ్రెడ్ ఆ థ్రెడ్ కోసం, ఆ థ్రెడ్ తెర కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రాం బిగుసుకుంటుంది. ఎదురుచూడకుండా అప్పగించే బిగిన్‌ఇన్వోక్ వాడితే పోయింది. కొత్త డాట్‌నెట్‌లో సీరియల్ పోర్టు విడి న్యూగెట్ ప్యాకేజీ.

ఉద్యోగానికైతే విన్‌ఫామ్స్ దగ్గర ఆగకూడదు. ఫ్యాక్టరీ, ల్యాబ్ పరికరాల సాఫ్ట్‌వేర్‌లో సీ షార్ప్ డెస్క్‌టాప్ అంటే ఎక్కువగా డబ్ల్యూపీఎఫ్ (మైక్రోసాఫ్ట్‌దే ఇంకో టూల్‌కిట్), ఎంవీవీఎం (తెరను, లెక్కను విడదీసి రాసే పద్ధతి) అని అర్థం. అదే తెరను డబ్ల్యూపీఎఫ్‌లో సగం రాశాం. అందులో బైండింగ్ (గడిని విలువకు కట్టే ముడి) పేరు ఒక్క అక్షరం తప్పు రాసినా ప్రోగ్రాం ఆగదు, గడి ఖాళీగా ఉంటుంది అంతే. తప్పు అవుట్‌పుట్ కిటికీలో ఒక వరుసగా పడి ఉంటుంది. మొదటి రోజే ఆ కిటికీ తెరిచి పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

5వ వారం: ఎలక్ట్రాన్, ఫ్లట్టర్

ఎలక్ట్రాన్‌లో తెర వెబ్ పేజీయే, కాబట్టి తెలుగు గురించి ఆలోచించే పనే లేదు. ఇబ్బంది కాంటా దగ్గర. పేజీకి హార్డ్‌వేర్ ముట్టుకునే హక్కు మామూలుగా ఉండదు, ఉండకూడదు కూడా. పేజీ వెనక నడిచే మెయిన్ ప్రాసెస్ తూకం చదివి, ప్రీలోడ్ ఫైలులో కాంటెక్స్ట్‌బ్రిడ్జ్ ద్వారా పేజీకి అందించాలి. నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఇంటిగ్రేషన్ ఆన్ చేసి నేరుగా చదివించే పాత పాఠాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, వాటిని పట్టించుకోవద్దు. సీరియల్‌పోర్ట్ మాడ్యూల్‌లో సీప్లస్‌ప్లస్ భాగం ఉంది. అది మామూలు నోడ్‌కు తయారై, ఎలక్ట్రాన్ వెర్షన్‌కు సరిపోకపోతే వెర్షన్ పొసగలేదన్న తప్పు వస్తుంది. ఎలక్ట్రాన్ రీబిల్డ్ నడిపితే తీరుతుంది. క్రోమియం బ్రౌజర్ మొత్తాన్ని వెంట మోస్తుంది కాబట్టి ఖాళీ ప్రోగ్రామే వంద ఎంబీ దాటుతుంది, 4 జీబీ ర్యామ్ కంప్యూటర్‌లో బరువు తెలుస్తుంది.

ఫ్లట్టర్‌కు విండోస్ మద్దతు 2022 ఫిబ్రవరిలో స్థిరపడింది. విండోస్ ప్రోగ్రాం కట్టాలంటే విజువల్ స్టూడియోలో సీప్లస్‌ప్లస్ డెస్క్‌టాప్ భాగం కావాలి. వీఎస్ కోడ్ ఉంది కదా అనుకుంటే అమరికను పరీక్షించే ఫ్లట్టర్ డాక్టర్ ఎర్ర గుర్తు చూపిస్తూనే ఉంటుంది. డేటాటేబుల్ విడ్జెట్ అన్ని వరుసలనూ ఒకేసారి కొలుస్తుంది. వందల బస్తాలకు లిస్ట్‌వ్యూ బిల్డర్‌తో వరుసలు మనమే కట్టుకోవడం మేలు. ఫ్లట్టర్ బలం వేరేచోట ఉంది: అదే కోడ్ నుంచి రైతు ఫోన్‌లో తక్‌పట్టీ చూపించే ఆండ్రాయిడ్ యాప్ వస్తుంది. కాంటా, ప్రింటర్ ఉన్న డెస్క్‌టాప్‌కు మాత్రం ప్లగిన్ల మీద ఆధారపడాలి.

6వ వారం: ప్రింటర్, మూట

58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్‌లో అచ్చు పడే వెడల్పు 48 మిల్లీమీటర్లు, మిల్లీమీటరుకు 8 చుక్కలు, మొత్తం 384 చుక్కలు. 80 మిల్లీమీటర్ల దానికి 576. ప్రింటర్‌లోని అక్షరాల్లో తెలుగు లేదు, నేరుగా పంపితే ప్రశ్నార్థకాలో చెత్తో పడుతుంది. తక్‌పట్టీని బొమ్మగా గీసి పంపాలి. క్యూఇమేజ్ 384 వెడల్పుతో చేసి, క్యూపెయింటర్‌తో తెలుగు రాసి, నలుపు తెలుపు చుక్కలుగా మార్చి, వరుసకు 48 బైట్ల చొప్పున చుక్కల బొమ్మ అచ్చువేసే రాస్టర్ ఆదేశంతో పంపాం.

ఫాంటు సైజు పాయింట్లలో కాక పిక్సెళ్లలో పెట్టాలి, లేకపోతే తెర స్కేలింగ్ మారినప్పుడు కాగితం మీద అక్షరం మారుతుంది. 20 పిక్సెళ్ల కంటే చిన్నదైతే వత్తులు అతుక్కుంటాయి, 26 బాగుంది. నలుపు తెలుపుగా మార్చేటప్పుడు డిథరింగ్ (బూడిద రంగును చుక్కలుగా చల్లడం) వద్దు, అక్షరాల అంచులు చిట్లుతాయి. ఒక హద్దు పెట్టి కోయాలి. చవక ప్రింటర్లకు లోపల జాగా తక్కువ, పొడవైన బొమ్మను ముక్కలుగా పంపకపోతే మధ్యలో ఆగిపోతుంది. టికింటర్‌తో ఇదే పని పైథాన్ బొమ్మల లైబ్రరీ పిల్లోతో చేయబోతే విండోస్‌లో వత్తులు విడిపోయాయి. పిల్లోకు అక్షరాలను కూర్చే రాక్మ్ నడవాలి, దానికి ఫ్రీబీడీ డీఎల్‌ఎల్ విడిగా పక్కన పెట్టాలి.

ప్రోగ్రాంను దుకాణానికి ఇచ్చే మూటగా కట్టడానికి పైఇన్‌స్టాలర్. ఒకే ఫైలుగా కడితే ప్రతిసారీ టెంప్ ఫోల్డర్‌లోకి విప్పుకుని ఆలస్యంగా తెరుచుకుంటుంది, యాంటీవైరస్‌లకూ అనుమానం ఎక్కువ. ఫోల్డర్‌గా కట్టి ఇనో సెటప్‌తో ఇన్‌స్టాలర్ చేశాం.

ఇదంతా మొదలుపెట్టేముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దుకాణంలో ఏ విండోస్ ఉంది? విండోస్ 7 అయితే క్యూటీ 6 రాదు, పైథాన్ 3.9 ఆపైవీ రావు, ఎలక్ట్రాన్ 23 నుంచీ రాదు. మిగిలేవాటిలో మెరుగైనవి పైథాన్ 3.8తో క్యూటీ 5.15, లేదా డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద విన్‌ఫామ్స్. పాత మిషన్ల మీద విన్‌ఫామ్స్ ఇంకా బతికుండటానికి కారణం ఇదే.

తేల్చింది

తక్‌పట్టీకి క్యూటీనే ఉంచాం. తెలుగు, పట్టిక, పోర్టు, ప్రింటర్ నాలుగూ ఒకే పెట్టెలో దొరికింది అందులోనే.

ఉద్యోగానికి లెక్క వేరు. డెస్క్‌టాప్ ఖాళీలు వెబ్ ఖాళీల కంటే తక్కువ, ఇది ముందే తెలుసుకుని దిగాలి. వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరుచుకున్నా, ఈ రకం పనికి ఎక్కువమంది చూసేది హైదరాబాద్ వైపే. క్యూటీ అడిగే ప్రకటన చదివితే ఆ మాట పక్కన దాదాపు ఎప్పుడూ సీప్లస్‌ప్లస్, లైనక్స్, థ్రెడ్లు ఉంటాయి. కారు డ్యాష్‌బోర్డు, వైద్య పరికరం, మిషన్ తెర చేసేవాళ్లే ఆ ప్రకటనలు ఇచ్చేది. పైసైడ్ ఒక్కటే తెలిస్తే అక్కడ సగం దూరంలోనే ఆగుతాం. అదే మోడల్‌ను సీప్లస్‌ప్లస్‌లో తిరగరాయగలిగితే తలుపు తెరుచుకుంటుంది. సీ షార్ప్ ఇప్పటికే వస్తే డబ్ల్యూపీఎఫ్‌కు పోవాలి, క్యూటీ కోసం భాష మార్చుకోనక్కర్లేదు. ఫోన్ యాప్‌ల మీద మనసుంటే ఫ్లట్టర్. వెబ్ వచ్చినవాళ్లకు ఎలక్ట్రాన్ ఒక వారం పని, దాన్ని విడి చదువుగా చూడొద్దు. కాలేజీలో ఒంటబట్టిన భాష ఏదో దాని టూల్‌కిట్టే మొదట, ఐదూ తలా కొంచెం కాదు.

మిగిలిన పని: పట్టిక మోడల్‌ను క్యూటీ సీప్లస్‌ప్లస్‌లో రాయడం. యూఎస్‌బీ-సీరియల్ వైరును వేరే సాకెట్‌లో పెడితే కామ్ 3 కాస్తా కామ్ 7 అవుతోంది, పోర్టును పేరుతో కాక వెండర్, ప్రొడక్ట్ నంబర్లతో వెతికేలా మార్చాలి. చపాటా, తేజ, వండర్ హాట్ రకాలకు తరుగు వేర్వేరుగా పెట్టే గడి ఇంకా సెట్టింగుల్లోకి చేరలేదు.